ఒంటరి ప్రాక్టీసులో ఉన్న వైద్యులు కొత్త మార్గదర్శకాలను ఎలా అందుకుంటున్నారు?

ప్రశ్న: కొత్తపేట డాక్టరు, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు కొత్తపేటలో 1997 నుంచి జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. నాది ఆరు పడకల చిన్న ఆసుపత్రి. నేను, ఇద్దరు నర్సులు, ఒక కాంపౌండరు, అంతే. మొన్న సంక్రాంతికి మా అన్నయ్యగారి అబ్బాయి వచ్చాడు. వేరే రాష్ట్రంలో జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాడు. కనుమ నాటి సాయంత్రం ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. కాస్త తల బరువుగా ఉందనటం తప్ప ఆయనకు మరే బాధా లేదు, బీపీ మాత్రం 210/120 ఉంది. నేను అలవాటు ప్రకారం బీపీ తగ్గించే నిఫెడిపిన్ క్యాప్సూల్ తెమ్మన్నాను. నర్సు దానిని సూదితో పొడిచి నాలుక కింద పిండబోతుండగా, పక్కన కూర్చున్న మావాడు మెల్లగా, "బాబాయ్, ఇది ఇంకా వాడుతున్నారా?" అన్నాడు. రోగి ముందు అంతకు మించి ఒక్క మాట అనలేదు.

రాత్రి భోజనాలయ్యాక వివరంగా చెప్పాడు. నాలుక కింద పిండిన ఆ మందు అక్కడ ఇంకేది చాలా తక్కువేనని, లోపలికి మింగినదే ఎక్కువగా పనిచేస్తుందని, దానివల్ల బీపీ ఎంత వేగంగా, ఎంత లోతుకు పడిపోతుందో ముందుగా చెప్పలేమని, అలా పడిపోయినప్పుడు మెదడుకూ గుండెకూ రక్తం చాలక పక్షవాతమో గుండెపోటో వచ్చిన కేసులను ఏకరువు పెడుతూ, ఈ పద్ధతిని ఇక నిలిపివేయాలని కోరిన వ్యాసం 1996లోనే అమెరికా వైద్య సంఘం వారి జామా పత్రికలో వచ్చిందని అన్నాడు. అవయవాలు దెబ్బతింటున్న సూచనలు లేనివారిని కాసేపు ప్రశాంతంగా పడుకోబెట్టి, మళ్లీ చూసి, నోటి మాత్రలు సరిచేసి, కొద్ది రోజుల వ్యవధిలో తగ్గించుకోవాలట. అంటే నేను బోర్డు కట్టుకోక ముందే కాలం చెల్లిన పద్ధతిని ఇన్నేళ్లుగా చేస్తూ వచ్చానన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను చదవని వాడిని కాను. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి అయిదేళ్లకు 30 గంటల సీఎంఈ, అంటే డాక్టర్లు తమ చదువును తాజా పరచుకునే సదస్సులు, ఉండాలంటుంది. నా సర్టిఫికెట్ల ఫైలు నిండుగానే ఉంది. కానీ నిజం చెప్పుకోవాలంటే, హోటల్లో ఉదయం సంతకం పెట్టి సంచీ తీసుకొని, రెండు ప్రసంగాలు విని, భోజనం వరుసలో పాత మిత్రులను పలకరించి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరటమే అందులో అధిక భాగం. ఆ ప్రసంగాలన్నీ కొత్త మందుల గురించే. పాతవాటిలో ఏది మానేయాలో చెప్పిన ప్రసంగం నేనైతే విన్న గుర్తు లేదు. ఇక నాలుగు వాట్సాప్ గ్రూపులున్నాయి, వాటిలో ఏది నిజమో తేల్చుకోవటం మరో ఉద్యోగం.

ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి పది దాకా ఓపీ చూసే నాబోటి వాడు తన అలవాట్లలో ఏవి చెల్లిపోయాయో ఎలా తెలుసుకోవాలి? మీరు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. ఏం చేయాలో చెప్పే పుస్తకపు సలహాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

జవాబు: ఫిజీషియన్, సత్యనారాయణపురం, విజయవాడ

డాక్టర్ గారూ, ముందుగా మీ అన్నయ్యగారి అబ్బాయికి నా అభినందనలు చెప్పండి. మీరు మీ తప్పును బయట పెట్టుకున్నారు కనుక నాదీ ఒకటి చెబుతాను.

కోవిడ్ రోగులకు కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించటం వల్ల మరణాలు తగ్గలేదని, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారే మన దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మందిపై జరిపిన ప్లాసిడ్ అధ్యయనం 2020 అక్టోబరులో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురితమైంది. నేను దానిని అప్పుడే చదివాను. అయినా 2021 ఏప్రిల్‌లో, రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, ప్లాస్మా కావాలని చీటీలు రాశాను. ఆ చీటీ పట్టుకొని పిల్లలు బెంజి సర్కిల్ నుంచి గుంటూరు దాకా దాతల కోసం తిరిగారు. జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే 17న. తెలియక రాశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. మార్గదర్శకంలో ఇంకా ఉంది, బంధువులు అడుగుతున్నారు, చుట్టూ అందరూ రాస్తున్నారు, అందుకని నేనూ రాశాను.

దీనికి వ్యతిరేక దిశలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు సంగతి చూడండి. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయన ఫలితం 2020 జూన్ 16న వెలువడింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ కనిపించలేదు. మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. ఈ కబురు ఊరూరా పాకటానికి ఎంతో కాలం పట్టలేదు, కానీ పాకింది మొదటి సగమే. ఆక్సిజన్ 97 ఉన్నవారికి, జ్వరం వచ్చిన రెండో రోజునే, రెట్టింపు మోతాదులో ఇచ్చిన చీటీలు నేను స్వయంగా చూశాను. ఆ తరువాత షుగర్ అదుపు తప్పి, బ్లాక్ ఫంగస్‌తో వచ్చినవారినీ చూశాను. కనుక నా మటుకు నేను, వెనకబడటమంటే కొత్త వార్త తెలియకపోవటం అనుకోవటం మానేశాను. వార్త ఎలాగూ వస్తుంది. ఎవరికి, ఎప్పటి నుంచి, ఎంత, ఎప్పటిదాకా అన్న షరతులు దారిలో రాలిపోతాయి.

ఇక నేను చేసే పని. ఓపీలో కూర్చున్నప్పుడు నాకు అనుమానం వచ్చిన ప్రతిసారీ ప్రిస్క్రిప్షన్ పుస్తకం చివరి అట్ట లోపలి వైపు ఒక్క వాక్యంలో రాసుకుంటాను. "డెబ్బై ఏళ్లు దాటినవారికి, ఇంతవరకూ గుండె జబ్బు లేనివారికి, ముందు జాగ్రత్తగా ఆస్పిరిన్ కొనసాగించాలా?" ఇలా ఉంటుంది ప్రశ్న. గురువారం సాయంత్రం ఓపీ అరగంట ఆలస్యంగా మొదలుపెడతాను. ఆ అరగంటలో ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతాను, రెండోదాని జోలికి పోను. ఐసీఎంఆర్ వారు 2019 నుంచి విడుదల చేస్తున్న స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు ఒక్కో జబ్బుకు ఒకటి రెండు పేజీల్లో ఉంటాయి, మన మందులతో, మన ఆసుపత్రుల స్థాయిని బట్టి. ముందు అవి చూస్తాను. అక్కడ లేకపోతే ఆయా వృత్తి సంఘాల తాజా మార్గదర్శకాలు. ఒక్క అధ్యయనం చూసి చికిత్స మార్చటం దాదాపుగా ఎప్పుడూ చేయను.

మీరు అడిగిన "ఏది మానేయాలి" అన్నదానికి నాకు తెలిసిన కిటుకు ఒకటే. మార్గదర్శకం కొత్త కూర్పు వచ్చినప్పుడు పాత కూర్పును పక్కన పెట్టుకొని, ఏది కనిపించకుండా పోయిందో చూడటం. చేర్చినదాని గురించి అందరూ ప్రసంగిస్తారు. తీసేసినదాని గురించి డాక్టరే వెతుక్కోవాలి.

జవాబు: వైద్య గ్రంథాలయం, విజయవాడ

నేను డాక్టరును కాను. ఒక వైద్య కళాశాలలో పంతొమ్మిదేళ్లుగా గ్రంథపాలకురాలిని. నా దగ్గరకు వచ్చేవారిలో పీజీలు థీసిస్ రాసే సంవత్సరంలో వస్తారు, అధ్యాపకులు ప్రమోషన్‌కు వ్యాసాలు కావలసినప్పుడు వస్తారు. "ఈ రోగికి ఏం చేయాలి" అని వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే కొత్తపేట డాక్టరు గారి ప్రశ్న చదివి సంతోషం కలిగింది.

వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి సమీక్షించే కోక్రేన్ సంస్థ గుర్తులో అడ్డగీతలూ మధ్యలో ఒక నిలువుగీతా ఉంటాయి, ఎప్పుడైనా గమనించారా? అది అలంకారం కాదు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే సూచనలున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు పరిణతి చెంది బతికే అవకాశం పెరుగుతుందని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు 1972లో ప్రచురించారు. తరువాత మరికొన్ని అధ్యయనాలు వచ్చాయి. వాటన్నింటినీ ఒకచోట చేర్చి లెక్కగట్టిన సమీక్ష 1989లో వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల మండలి గట్టిగా సిఫారసు చేసింది 1994లో. ఆ గుర్తులోని గీతలు ఆ అధ్యయనాల ఫలితాలే. నడుమ గడిచిన 22 ఏళ్లలో సమాచారమంతా గ్రంథాలయాల అరల్లోనే ఉంది. కొత్తగా చేరిన పీజీలకు నేను మొదటి రోజు చెప్పేది ఇదే.

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది, అది తక్కువ మందికి తెలుసు. ఆ ఇంజెక్షన్‌ను పల్లె స్థాయిలో కూడా విస్తృతంగా ఇప్పిస్తే ఏమవుతుందో చూడటానికి మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో జరిగిన యాక్ట్ అధ్యయనం 2015లో వెలువడింది. అనుకున్నదానికి విరుద్ధంగా మొత్తం మీద నవజాత శిశు మరణాలు కొంత పెరిగాయి. నెలలు తక్కువో కాదో సరిగా తేల్చలేని చోట, నిండు నెలల తల్లులకూ ఇచ్చారు. పుట్టిన బిడ్డను చూసుకునే వసతీ అంతంతమాత్రమే. ఆ తరువాత తల్లికీ బిడ్డకూ సరైన సంరక్షణ ఉన్న ఆసుపత్రుల్లో, స్కానింగుతో నెలలు లెక్కగట్టి చేసిన యాక్షన్ అధ్యయనం 2020లో వచ్చింది, అందులోనూ మన దేశం ఉంది. అక్కడ మరణాలు తగ్గాయి. ఫిజీషియన్ గారు షరతుల గురించి రాసినది చదువుతుంటే నాకు ఈ రెండు అధ్యయనాలే గుర్తుకొచ్చాయి.

ఇక మీకు ఏది అందుబాటులో ఉందంటే, 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధనా సంస్థలకు అందుతున్నాయి. సొంత ప్రాక్టీసు చేసే డాక్టరు దీని పరిధిలోకి రారు. ఆరు పడకల ఆసుపత్రిని ఆ పథకం లెక్కలోకి తీసుకోలేదన్నది నా అభియోగం కూడా. అయితే కోక్రేన్ గ్రంథాలయాన్ని ఐసీఎంఆర్ 2007లోనే దేశ ప్రజలందరికీ ఉచితంగా అందేలా చేసింది. దాని సమీక్షలకు సామాన్య భాషలో సారాంశాలుంటాయి. పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సూచిక అందరికీ ఉచితం. అందులో ఖాతా తెరిచి, మీ ప్రశ్నను పదాలుగా పెట్టి, సిస్టమాటిక్ రివ్యూలకే, అంటే అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కగట్టిన సమీక్షలకే, పరిమితం చేసి, ఆ వెతుకులాటను భద్రపరిస్తే, కొత్తది చేరినప్పుడు ఈమెయిల్ వస్తుంది. మొదటిసారి అది అమర్చుకోవటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. రోజూ కాక నెలకొకసారి వచ్చేలా పెట్టుకోండి, లేకపోతే మూడో వారానికే విసుగెత్తి తీసేస్తారు. చాలామంది అలాగే తీసేశారు.

మీరు చదువుకున్న కళాశాల గ్రంథాలయానికి వెళ్లి అడగటానికి మొహమాటపడకండి. పూర్వ విద్యార్థి వచ్చి ఒక ప్రశ్న అడిగితే మేము కాదనము.

జవాబు: స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా

డాక్టరు గార్లందరికీ నమస్కారం. క్యాప్సూల్‌ను పొడవబోయినది నర్సే కనుక నేనూ ఒక మాట చెప్పవచ్చునని రాస్తున్నాను. నేను పద్నాలుగేళ్లుగా ప్రసూతి గదిలో పనిచేస్తున్నాను.

కాన్పు తరువాత అధిక రక్తస్రావానికి ట్రానెక్సమిక్ ఆమ్లం ఇవ్వాలన్నది 20,060 మంది తల్లులపై జరిగి 2017లో వెలువడిన ఉమన్ అధ్యయనం తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సిఫారసు. ఒక గ్రాము, పది నిమిషాల్లో నెమ్మదిగా సిరలోకి, కాన్పు జరిగిన మూడు గంటల లోపల. మూడు గంటలు దాటితే మేలు లేదు. ఆలస్యమైన ప్రతి పావుగంటకూ ప్రయోజనం దాదాపు పదో వంతు తగ్గుతుంది. నేను అప్పట్లో పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఈ సర్క్యులర్ వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించారు. వైద్యాధికారికి తెలుసు, మాకూ తెలుసు. మందు మాత్రం స్టోర్ రూములో, తాళం వేసిన బీరువాలో ఉండేది, తాళం చెవి పగటి డ్యూటీ ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర. ఒక రాత్రి రెండు గంటలకు రక్తస్రావం మొదలైతే, ఆవిడ ఇంటికి ఫోన్ చేసి, వాళ్లబ్బాయి బండి మీద తాళం చెవి తెచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. తల్లి బతికింది. రక్తం మూడు సీసాలు ఎక్కించాల్సి వచ్చింది. మర్నాడు మేం చేసినదల్లా గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, ట్రానెక్సమిక్ ఆమ్లం, సిరంజీలు, క్యాన్యులాలు ఏమేమి ఉండాలో రాసి, ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనూ మిగిలినవి కాన్పు బల్ల పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలోనూ పెట్టి, ప్రతి డ్యూటీ మారేటప్పుడు లెక్క చూసి సంతకం చేయటం. అప్పటిదాకా ఆ సర్క్యులర్ బోర్డు మీద ఎండకు వెలిసిపోతూ ఉండేది.

మరో సంగతి. రక్తం ఎంత పోయిందో మేం కంటితోనే అంచనా వేసేవాళ్లం, ఆ అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో జరిగిన ఇ-మోటివ్ అధ్యయనం 2023లో వచ్చింది. గీతలు ఉన్న ప్లాస్టిక్ సంచీని తల్లి కింద పరిచి రక్తాన్ని కొలిచి, హద్దు దాటిన వెంటనే గర్భసంచి మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా చేస్తే, తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. వాటిలో ఒక్క మందు కూడా కొత్తది కాదు. కొలవటం, ఆగకుండా చేయటం కొత్తవి.

అందుచేత డాక్టరు గారూ, మీరు గురువారం అరగంట చదివినా, చదివిన తరువాత పది నిమిషాలు మీ నర్సులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఎందుకు మానేస్తున్నామో కూడా చెప్పండి. కారణం చెప్పకుండా "ఇక మీదట వద్దు" అంటే, మీరు ఊళ్లో లేని రోజున ఎవరో రోగి బంధువు కంగారుపడగానే ఆ క్యాప్సూల్ మళ్లీ బయటికి వస్తుంది.

జవాబు: మాజీ మెడికల్ రిప్రజెంటేటివ్, విజయవాడ

అయ్యా, ఇరవై రెండేళ్లు బ్యాగు మోసిన వాడిని, ఇప్పుడు మానేశాను కనుక నిర్భయంగా రాస్తున్నాను. మా చేతిలో రంగుల ఫోల్డరు ఉంటుంది. అందులో "ప్రమాదం 50 శాతం తగ్గింది" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నూటికి ఇద్దరికి వచ్చేది ఒక్కరికే వచ్చినా అది 50 శాతమే, నూటికి నలభై మందికి వచ్చేది ఇరవై మందికి వచ్చినా 50 శాతమే. మాకు ఆ శాతాన్ని చెప్పటం నేర్పారు, మొదటి సంఖ్యను చెప్పటం నేర్పలేదు. "నూటికి ఎంతమందికి?" అని అడిగిన డాక్టర్లు నా ప్రాంతం మొత్తం మీద ముగ్గురే. వారి గది ముందు కూర్చున్నప్పుడు నిజంగా చదువుకొని వెళ్లేవాడిని.

2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన మందుల మార్కెటింగ్ నియమావళి ప్రకారం, దేశంలో ఏడాదికి పైగా అమ్ముడవుతున్న మందును "కొత్తది" అనకూడదు, వివరణ లేకుండా "సురక్షితం" అనే మాట వాడకూడదు. మీ దగ్గరకు వచ్చే కుర్రవాడిని కసురుకోకుండా ఈ రెండు మాటల దగ్గర ఆపి చూడండి. వాడికీ మేలే.

ప్రశ్న వేసినవారి జవాబు: కొత్తపేట డాక్టరు, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. సిస్టర్ గారు రాసింది చదివాక, నిన్న మధ్యాహ్నం ఓపీ అయ్యాక మా నర్సులిద్దరినీ, కాంపౌండరునీ కూర్చోబెట్టి నిఫెడిపిన్ సంగతి చెప్పాను. వారిలో పెద్దావిడ, "మూడేళ్ల కిందట ఒక పెద్దాయనకు పిండిన గంటకే మాట తడబడింది సార్, మీరు వెంటనే పెద్దాసుపత్రికి పంపించారు, గుర్తుందా?" అన్నారు. నాకు గుర్తుంది. ఆ రోజు బీపీ ఎక్కువై పక్షవాతం వచ్చిందనుకున్నాను. ఇప్పుడు ఏది కారణమో తేల్చలేను కానీ, ఆవిడ ఆ రెంటినీ ముడిపెట్టి చూశారు, నేను చూడలేదు. అప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "మీరు డాక్టరు గారు కదా" అన్నారు.

ఎమర్జెన్సీ ట్రేలోంచి ఆ క్యాప్సూళ్లు తీసేశాం. దాని స్థానంలో ఒక అట్ట మీద తెలుగులో రాసి పెట్టాం: బీపీ పై సంఖ్య 180 గానీ కింది సంఖ్య 120 గానీ దాటినవారిని ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారటం, తీవ్రమైన తలనొప్పి, మాట లేదా కాలు చేయి తేడా ఉన్నాయేమో అడగాలి, గర్భిణి అయితే ఏ సూచనా లేకపోయినా వెంటనే నన్ను పిలవాలి, మిగిలినవారిలో ఏ ఒక్కటి ఉన్నా పిలవాలి, ఏదీ లేకపోతే అరగంట పడుకోబెట్టి మళ్లీ చూడాలి. నిన్న సాయంత్రమే ఒకావిడకు 200/110 ఉంటే అలా పడుకోబెట్టారు. అరగంట తరువాత 172/98. ఆవిడ నాలుగు రోజులుగా మాత్రలు వేసుకోవటం లేదని ఆ అరగంటలో నర్సుకు చెప్పిందట. మాత్రలు అయిపోయాయి, కొనటానికి కొడుకు డబ్బులు పంపలేదు.

గ్రంథపాలకురాలు గారూ, వచ్చే శనివారం ఒక పని మీద విజయవాడ వస్తున్నాను. నేను చదివింది గుంటూరులో కనుక మీ కళాశాల పూర్వ విద్యార్థిని కాను, అయినా ఫర్వాలేదంటే మీ గ్రంథాలయానికి వస్తాను. అట్ట లోపల ఇప్పటికి పదకొండు ప్రశ్నలు రాసుకున్నాను.

జవాబు: వైద్య గ్రంథాలయం, విజయవాడ

తప్పకుండా రండి డాక్టరు గారూ. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటాం. పదకొండూ తీసుకురండి కానీ, ఆ రోజుకు ఒక్కటే వెతుకుదాం. ఏదో మీరే ఎంచుకొని రండి.